తండాను బండ చేసిన చుక్క

ఒక తండా నక్షలో బండగా ఎట్లా మారిందో స్వయంగా తెలిసిన చివరి మనిషి మొన్న సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు జనగామలోని తన ఇంట్లో చనిపోయారు. ఆయనకు తొంభై దాటాయి. మా గల్లీలో అందరికీ ఆయన నక్షల సారు. ప్రభుత్వ రికార్డులో ఆయన చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. రెండుసార్లు చెప్పడానికి వెళ్లారు. రెండుసార్లూ అది కాగితం మీదికి ఎక్కలేదు.

ఫోన్ చేసింది ఆయన కూతురు. "నాయిన పోయిండన్నా" అని, "పేపర్ల వేస్తే ఊరి పేరు జర సరిగ్గ రాయి. తప్పు పడితే నాయిన ఊకోడు" అన్నది. ఏడుస్తూనే అన్నది. నేను ఆయన పుట్టిన ఊరు పేరు మళ్లీ అడిగి, అక్షరం అక్షరం రాసుకుని, ఆమెకు చదివి వినిపించి, అప్పుడు ఫోన్ పెట్టేశాను. ముప్ఫై ఏళ్లు ఆయన పక్కింట్లో ఉన్నవాడికి ఈ అలవాటు తప్పదు.

దీన్ని గౌరవం అనుకోవద్దు. ఎక్కువ రోజులు అది విసుగే. చనిపోయిన మనిషి గురించి రాసేటప్పుడు అందరూ మంచివాళ్లవుతారు. నేను అట్లా రాస్తే ఆయన ఎర్ర పెన్సిలు తీసుకుని వస్తారు.

ఆ పెన్సిలు ఆయన చెవి మీద ఉండేది. ఉదయం ఏడింటికి మా గేటు చప్పుడయ్యేది. చేతిలో నేను పనిచేసే పత్రిక. బాగున్నావా అని అడగడం లేదు, కూర్చోవడం లేదు.

"గిది ఏ ఘనపూర్?"

"లింగాల ఘనపూర్ సారూ. జనగామ దగ్గర అని రాసిన గద."

"స్టేషన్ ఘనపూర్ ఏడున్నది? ఢిల్లీ దగ్గరనా? భూపాలపల్లి దిక్కు ఇంకొకటి ఉండె. మూడిట్ల ఏ ఊర్ల బోల్తా పడ్డది నీ బస్సు?"

"చదివేటోళ్లకు తెలుస్తది సారూ."

"తెలుస్తదా? రా, చూపిస్త."

గేటు బయట ఒక నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది. కొడుకు ఆ బస్సులో ఉన్నాడు. పత్రిక చదివినవాళ్లెవరో ఘనపూర్ అని చెబితే ఆమె స్టేషన్ ఘనపూర్‌కు పోయి, దవాఖానలో మంచం మంచం వెతికి, కనబడక ఏడుస్తూ జనగామ బస్టాండులో దిగింది. సారుకు అక్కడ దొరికింది. నేను ఆమెను బండి మీద ఎక్కించుకుని పోయి కొడుకును చూపించాను. కాలు విరిగింది, మనిషి బాగానే ఉన్నాడు. ఆ తర్వాత నా వార్తల్లో ఘనపూర్ అనే మాట ఒంటరిగా ఎప్పుడూ రాలేదు.

ఆయన చెప్పింది సరైనదే. చెప్పే తీరే భరించడం కష్టం. మొగుళ్లపల్లిలో ఒక పెళ్లికి పిలుపు వచ్చింది. శుభలేఖ వెనక దారి చూపిస్తూ చిన్న బొమ్మ వేశారు. అందులో ఉత్తరం గుర్తు పడమరకు తిరిగి ఉంది. సారు దాన్ని దిద్ది, పిల్ల తండ్రికి తిరిగి పంపారు. పెళ్లి రోజు ఆ తండ్రి ఎదురొచ్చి దండం పెట్టాడు. "రమ్మని కార్డు ఇస్తే దిద్ది పంపుతవా సారూ? మార్కులు గూడ ఏసేటిది ఉండె."

"ఏస్తుంటి. బాగుండదని ఊకున్న" అన్నారు సారు. నవ్వుతూ అనలేదు.

జిల్లాలను విడగొట్టిన రోజుల్లో నెలరోజులు మా ఇంటి వైపు రాలేదు. ఆయన ఆరోగ్యం గురించి కంగారుపడి నేనే వెళ్లాను. వరండా అంతా కాగితాలు పరుచుకుని, జనగామకు, మహబూబాబాద్‌కు, భూపాలపల్లికి కొత్త హద్దులు గీసుకుంటున్నారు. "నీకు ఇప్పుడు తప్పులు రాసెటందుకు మస్తు జాగ దొరికింది" అన్నారు, తల ఎత్తకుండానే.

ఆయన తాలూకా కచేరీలో నక్షలకు నకళ్లు తీసే గుమాస్తాగా ఉద్యోగం మొదలుపెట్టారు. అది నైజాం చివరి రోజుల మాట. చదువంతా ఉర్దూలో. కచేరీ రాతకోతలూ ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు. తర్వాత ఇంగ్లీషు నక్షలు చదవడం నేర్చుకున్నారు. ఒక ఊరి పేరు ఒక భాషలో పుట్టి, రెండో భాషలో రాతకెక్కి, మూడో భాషలో అచ్చయ్యేసరికి ఏమవుతుందో ఆయనకు తెలిసినంతగా ఈ ప్రాంతంలో ఇంకెవరికీ తెలియదు.

ఒకసారి నన్ను జఫర్‌గఢ్ గుట్ట ఎక్కించారు. అప్పటికే ఆయనకు డెబ్బై దాటాయి. నాకు ఆయాసం, ఆయనకు లేదు. పైన నిలబడి ఒక్కో గుట్టకూ చెయ్యి చాపి పేరు చెబుతున్నారు. పక్కన మేకలు మేపుతున్న మనిషి విని, "గది గా పేరు గాదు సారూ, మా దిక్కు ఏరే అంటరు" అన్నాడు. సారు వాదిస్తారని నేను ఎదురుచూశాను. ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి, మేకల మనిషి చెప్పిన పేరు రాసుకున్నారు. రెండుసార్లు పలికించుకున్నారు. దిగేటప్పుడు నాతో అన్నారు. "గుట్టకు రెండు దిక్కుల రెండు పేర్లుంటయి. నక్షల ఒక్కటే పడతది. రెండోది మనం యాదుంచుకోవాలె."

మేకల మనిషి చెబితే ఒప్పుకుంటారు, నేను చెబితే ఒప్పుకోరు. అదీ నా ఫిర్యాదు.

ఇక తండా సంగతి.

నైజాం పోయినా సాయుధ పోరాటం ఆగలేదు. దళాలు అడవిలోకి జరిగాయి, వాళ్ల వెనక మిలిటరీ క్యాంపులు వచ్చాయి. మహబూబాబాద్ దాటి అడవి మొదలయ్యే చోట ఒక క్యాంపు పెట్టారు. వాళ్ల దగ్గర అంగుళానికి మైలు చొప్పున గీసిన పాత నక్ష ఉంది. అందులో లేని చోట్లన్నీ జాబితా రాసి పంపమని తాలూకా కచేరీకి హుకుం వచ్చింది. ఊరు, తండా, గుట్ట, బండ, వాగు, ఏదైనా సరే. రాసింది మన గుమాస్తా. ఉర్దూలో రాశారు.

ఉర్దూలో 'త'కూ 'బ'కూ ఒంపు ఒక్కటే. పైన రెండు చుక్కలు పెడితే త. కింద ఒక చుక్క పెడితే బ. మిగతా మాట మారదు. తండాకూ బండకూ తేడా ఆ చుక్కలే.

జాబితాలో వరసగా ఇట్లా ఉంది. గద్దల బండ. ఏనుగు బండ. తర్వాత సోమ్లా తండా రావాలి. రెండు బండలు రాసిన చెయ్యి మూడోదానికీ కింద చుక్క పెట్టింది. క్యాంపులో నక్ష గీసేవాడికి ఈ ప్రాంతం తెలియదు. ఇండ్లున్న చోట చిన్న నల్ల గడులు వేశాడు, రాళ్లున్న చోట రాళ్ల గుర్తు వేశాడు. సోమ్లా బండకు రాళ్ల గుర్తు వచ్చింది.

కొన్నాళ్లకు ఇంకో హుకుం వచ్చింది. అడవి అంచు తండాలు దళాలకు అన్నం పెడుతున్నాయి, కాబట్టి వాటిని లేపి రోడ్డు పక్కకు తేవాలి. ఏ తండాలు లేపాలో నక్ష చూసి నిర్ణయించారు. లారీలు పోయాయి. మనుషులను ఎక్కించారు, గుడిసెలు కాల్చారు. సోమ్లా తండాకు లారీ రాలేదు. నక్ష ప్రకారం అక్కడ మనుషులు లేరు.

పోరాటం ముగిసింది. తండా మిగిలింది. ఆ తర్వాత అడవికి హద్దులు గీసినవాళ్లు అదే నక్షను ముందు పెట్టుకున్నారు. బండ మీద ఎవరూ ఉండరు కాబట్టి హద్దు తండాను లోపల వేసుకుని పోయింది. ఆనాడు వాళ్లను కాపాడిన తప్పే ఈనాడు వాళ్ల మెడకు పడింది. తరాలుగా దున్నుతున్న చెలకలకు పట్టా లేదు. దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఒకటే జవాబు: ఆ కాలంలో అక్కడ నివాసం ఉన్నట్టు రికార్డు లేదు. ఈసారి కూడా కాదంటే వానలు పడగానే ఆ చెలకల్లో అడవి మొక్కలు నాటుతారు. గుంతల కోసం సున్నంతో గుర్తులు పెట్టి వెళ్లారు. జొన్న కొయ్యకాళ్ల మధ్య ఆ తెల్ల గుర్తులు నేను చూశాను.

సారు అప్పటికే ఎన్నోసార్లు అర్జీలు రాశారు. "ఆ తప్పు నాది, దిద్దండి" అని. జవాబు వచ్చేది కాదు. చివరికి మహబూబాబాద్‌లో విచారణ పెట్టారు. నేను వెంట వెళ్లాను. అధికారి చిన్న వయసువాడు, చెడ్డవాడు కాదు. తండా వాళ్లను అడిగాడు. "నక్షలో బండ అని ఉంది. అక్కడ బండ ఉందా?"

"ఉన్నది సారూ" అన్నారు అందరూ. అబద్ధం చెప్పడం ఎందుకు, తండా పక్కనే నేలంతా పరుచుకున్న పరుపు బండ ఉంది.

"మరి నక్షలో తప్పేముంది?"

సారు లేచారు. "అయ్యా, ఈ జిల్లాల బండ లేని జాగ ఏడున్నది? మీ ఆఫీసు కింద గూడ బండనే. దీనికి గూడ రాళ్ల గుర్తేసి ఊకుందామా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అధికారి కూడా నవ్వాడు, కానీ వాయిదా వేశాడు. మొదట రాసిన జాబితా చూడాలన్నాడు. న్యాయమైన మాటే. ఆ జాబితా నకలు రావడానికి రెండు వానకాలాలు పట్టింది. వచ్చాక ఆఫీసులో ఉర్దూ చదవగలిగినవాళ్లు లేరు. తర్జుమాకు పంపారు. తర్జుమా చేసిన పెద్దమనిషి ఉన్నది ఉన్నట్టు 'సోమ్లా బండా' అని రాసి పంపాడు. ఆయన తప్పు లేదు. చుక్క కిందే ఉంది. సారు ఆ కాగితం చూసి తల పట్టుకున్నారు. "నేను రాసిన తప్పును ఎంత సక్కగ తర్జుమా చేసిండు సూడు!"

రెండో విచారణ సాఫీగా సాగింది. సారు ఒక తెల్ల కాగితం మీద ఒంపు గీసి, పైన చుక్కలు పెట్టి, తుడిచి, కింద పెట్టి చూపించారు. అధికారికి అర్థమైంది. "అంటే రాసేటప్పుడు పొరపాటు జరిగింది. అంతేనా?"

"అంతే. పొరపాటు. నాది."

అధికారి పెన్ను తీశాడు. అప్పుడు తండా నుంచి వచ్చిన ముసలవ్వ లేచింది. ఆనాటి తండా పెద్దకు కూతురు ఆమె. ఆ రోజుల్లో పెళ్లీడు పిల్ల.

"కాదు సారూ! పొరపాటు గాదు. ఈ సారు ఎరికుండే రాసిండు. మమ్ముల బండ కింద దాచిండు. దేవుడు సారూ ఈయన!"

"కావాలని తప్పు రాశారా?" అన్నాడు అధికారి.

"కావాల్ననే!" అన్నది అవ్వ, దండం పెడుతూ.

అధికారి పెన్ను కింద పెట్టాడు. పొరపాటైతే దిద్దవచ్చు. కావాలని తప్పు రాసిన మనిషి చెప్పే మాటను రికార్డు ఎట్లా నమ్ముతుంది? ఆలోచించి చెబుతానన్నాడు. మళ్లీ వాయిదా.

ఆఫీసు మెట్ల మీద జరిగిన సంభాషణ నాకు మాట పొల్లుపోకుండా గుర్తుంది.

"ఏంది చెల్లే, నేను చెప్తాంటే నడుమ లేస్తవు? ఆయన రాస్తాండె గద!"

"నువ్వు అబద్ధం చెప్తాంటే ఊకోవాల్నా?"

"నేనా? అబద్ధమా?"

"పొరపాటంటివి. మా నాయిన సచ్చేదాక పండుగ పూట నీ పేరు మీద దీపం పెట్టిండు. పొరపాటుకు ఎవలన్న దీపం పెడ్తరా?"

"పెట్టుమని నేను చెప్పిన్నా? చెయ్యి జారింది చెల్లే. గంతే."

"జారితే జారింది. గన్ని తండాలుండంగ మా దిక్కే ఎందుకు జారింది?"

సారు మెట్లు దిగి స్టేషన్ వైపు నడిచారు. రైలులో కాజీపేట దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. నేను మాత్రం ఊరుకోలేదు. అవ్వ మీద విసుక్కున్నాను, ఆఫీసు మీద విసుక్కున్నాను, పనిలో పనిగా ఆయన మీద కూడా విసుక్కున్నాను. ఒక్క మాట రాయించడానికి ఇన్నేళ్లా అన్నాను. కాజీపేటలో చాయ్ తాగి, కప్పు కింద పెడుతూ ఆయన అన్నారు. "ఆమె మంచి సవాలు అడిగింది. నువ్వు ఎన్నడన్న అడిగినవా గసొంటిది?"

నేను పట్టించుకోలేదు. అడగాల్సినవన్నీ అడిగాననే అనుకున్నాను.

ఆయన పోవడానికి పది, పన్నెండు రోజుల ముందు ఒక మధ్యాహ్నం, కూతురు పిలిస్తే వెళ్లాను. మంచంలో ఉన్నారు. అన్నం సయించడం లేదు, తగవు మాత్రం సయిస్తోంది. జాబితాతో పాటే తెప్పించిన క్యాంపు నక్ష నకలు ఆయన ఇంట్లోనే ఉంది. వచ్చే వాయిదాకు దాన్ని జతచేయాలి కాబట్టి తీసి చూస్తున్నాను. అప్పటికి దాన్ని యాభైసార్లు చూసి ఉంటాను. తండా ఉన్న చోటు, చుట్టుపక్కల వాగు, గుట్టలు. ప్రతిసారీ మధ్యలోనే చూశాను. ఆ రోజు ఎందుకో కాగితం తిరగబడి, కింది మూల కళ్ల ముందుకు వచ్చింది. అంచు మీద సన్నని ఉర్దూ రాత.

"గిదేంది సారూ?"

"సరిచూసిన, సరిగ్గ ఉన్నది అని."

"ఎవరు రాసిండ్రు?"

"సంతకం ఉన్నది గద. నాది."

నేను కాగితం వైపు, ఆయన వైపు చూశాను. ఆయన ముఖంలో ఒక రకమైన ఊరట కనిపించింది. పరీక్షలో చివరి పిల్లవాడు కూడా లెక్క చేసేసినప్పుడు పంతులుకు వచ్చేలాంటిది.

"ఇన్నేండ్లకు అడిగినవు" అన్నారు.

తండాలను లేపడం మొదలైన రోజుల్లోనే, అచ్చుకు పోయే ముందు, క్యాంపులో గీసిన నక్ష సరిచూడడానికి మళ్లీ తాలూకా కచేరీకి వచ్చింది. జాబితా రాసిన గుమాస్తాకే ఇచ్చారు. ఆయన ఒక్కో పేరూ చూసుకుంటూ పోయారు. సోమ్లా తండా దగ్గర రాళ్ల గుర్తు కనబడింది. జాబితా తీసి చూసుకున్నారు. తన చేతి రాతే. తన చుక్కే.

"దిద్దుదామని పెన్ను ముంచిన" అన్నారు. "కిటికీల నుంచి సడక్ కనిపిస్తది. గప్పుడే లారీలు వచ్చినయి, ఏరే తండాలోళ్లను ఏసుకుని. ఆడోళ్లు దిగుతాండ్రు. ఒకామె విసుర్రాయి దించుతాంటే సిపాయి జల్ది కానియ్యి అని ఒర్రుతాండు. గది చూసిన. మళ్ల నక్ష చూసిన. దిద్దలే. సంతకం పెట్టిన."

"అంటే అవ్వ చెప్పింది నిజమే గద సారూ!"

"కాదు. ఆమె కావాల్ననే రాసిండు అంటాంది. రాసింది తప్పే. సంతకం తప్పు గాదు. రెండూ ఏరే ఏరే. కలిపి చెప్తే రెండూ పాడైతయి."

"మరి విచారణల చెప్పేటిది ఉండె గద?"

"రాసేటప్పుడు పొరపాటా అని అడిగిండు. అవునన్న. సరిచూసిందెవలని అడగలే. నువ్వూ అడగలే. నక్ష అంచు చదవనోడు నక్ష చదవనట్టే. నీకు ఎన్నిసార్లు చెప్పిన?"

చెప్పారు. చాలాసార్లు చెప్పారు. అది చాదస్తం అనుకున్నాను. ముప్ఫై ఏళ్లు వార్తలు రాసినవాడిని, కాగితం మీద ఎవరి సంతకం ఉందో చూడలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. అంతకంటే ఎక్కువ కోపం ఎవరి మీద రావాలో తెలిసి కూడా ఆయన మీదే వచ్చింది. గట్టిగానే అన్నాను. "మీ పట్టింపుతోని ఆ తండా ఇన్నేండ్లు పరేషాన్ అయింది సారూ. తెలిసే దాచిన అని ఒక్క మాట చెప్పుకుంటే ఏం పోయేది?"

కూతురు మంచినీళ్లు తెచ్చింది. రెండు గుక్కలు తాగారు.

"గా జాబితల ఏరే తండాలు గూడ ఉండె. అవన్నీ సరిగ్గ రాసిన. ఒక్కొక్కదానికి చుక్కలు పైననే పెట్టిన. సక్కటి దస్తూరి అని మా పెద్దసారు మెచ్చుకున్నడు గూడ. లారీలు నేను సరిగ్గ రాసినకాడికే పోయినయి." గ్లాసు కూతురి చేతికి ఇచ్చారు. "గందుకే ఆ చెల్లె నన్ను దేవుడంటే ఒళ్లు మండుతది."

ఆయన ఊరి పేర్ల మీద చూపిన పట్టుదలను ఇన్నేళ్లూ నేను ఒక గుమాస్తా బుద్ధి అనుకున్నాను. తప్పు రాస్తే ఒక తల్లి వేరే ఊరి దవాఖానలో కొడుకును వెతుక్కుంటుంది. సరిగ్గా రాస్తే లారీ సరిగ్గా ఇంటి ముందుకు వస్తుంది. ఈ రెండూ తెలిసిన మనిషి ఆయన. తెలిసి కూడా, చివరిదాకా, సరిగ్గా రాయాలనే అన్నారు. దానికి నా దగ్గర వివరణ లేదు. వివరణ అడిగి ఉంటే, "నీ పని నువ్వు చూసుకో" అనేవారు.

"ఈసారి రెండూ చెప్త" అన్నారు, నేను లేస్తుంటే. "ముందుగాల తప్పు. ఎనక సంతకం. గా వరసల రాసుకోమని చెప్పు ఆ పిలగానికి." అధికారి ఆయనకు పిల్లవాడే.

వచ్చే గురువారం వాయిదా అని కాగితం వచ్చింది. అది రావడానికి, ఆయన పోవడానికి మధ్య నాలుగు రోజులు తేడా. కాగితమే వెనక పడింది.

అంత్యక్రియలకు తండా నుంచి అవ్వ వచ్చింది. ఆమెతో ఇద్దరు కోడళ్లు. దూరంగా కూర్చుని, అయిపోయాక నా దగ్గరకు వచ్చింది. "ఇగ ఎవలు చెప్తరు బిడ్డా?" అన్నది. నేను ఆమెను పక్కకు తీసుకుపోయి సంతకం సంగతి చెప్పాను. నెమ్మదిగా, ముందు తప్పు, తర్వాత సంతకం అని వరసలో చెప్పాను. ఆమె విన్నది. కొంగుతో ముఖం తుడుచుకున్నది.

"నేను మొదట్నే చెప్పిన గద!" అన్నది.

ఆమె మొదటి నుంచీ సగం సరిగ్గా చెప్పింది. ఆయన మిగతా సగం సరిగ్గా చెప్పారు. ఆ రెండు సగాలనూ పక్కపక్కన పెట్టడం రిపోర్టరు పని. నేను నా పని ఆలస్యంగా చేశాను. ఇంకా ఆలస్యం చేయడం ఇష్టం లేక ఇక్కడ రాస్తున్నాను.

ఇది రాస్తే తండాకు నష్టమేమో అని మా ఆఫీసులో ఒకరు అన్నారు. నేను రెండు రోజులు ఆలోచించాను. చెయ్యి జారి రాసినా, తెలిసి వదిలేసినా, రెండూ చెప్పేది ఒకటే: ఆ చోట మనుషులున్నారు. ఖాళీ బండను దాచడానికి ఎవరూ ఉద్యోగాన్ని పణంగా పెట్టరు. ఆ రోజుల్లో క్యాంపు నక్ష మీద తప్పు సంతకం పెట్టి దొరికిపోతే ఉద్యోగం పోవడంతోనే అయిపోదు. అధికారి నివాసానికి రికార్డు అడుగుతున్నాడు. అంచు మీద ఉన్న ఆ సంతకమే రికార్డు. దాన్ని వాళ్లే అచ్చు వేసుకుని, వాళ్లే బీరువాలో పెట్టుకుని, వాళ్లే చదవలేదు. నేనూ చదవలేదు.

అధికారితో ఫోన్లో మాట్లాడాను. చనిపోయిన మనిషి నాతో చెప్పిన మాటకు ఎంత విలువ ఉంటుందో తాను ఇప్పుడే చెప్పలేనని అన్నాడు. అది నిజమే. సంతకాన్ని ఆయన పాత సర్వీసు పుస్తకంలోని సంతకంతో పోల్చి చూస్తామన్నాడు. అది కూడా న్యాయమే. నన్ను వచ్చి రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. తండాను ఒకసారి నేల మీద చూసి రావాలని సర్వేయర్‌కు ఉత్తర్వు ఇచ్చానన్నాడు. నేల మీద చూడటానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని అడగబోయి ఆగాను. అంచు చదవని రిపోర్టరు ఆ ప్రశ్న అడగకూడదు.

గురువారం ఉదయం పదిన్నరకు మహబూబాబాద్‌లో నా వాంగ్మూలం. మధ్యాహ్నం రెండు గంటలకు సర్వేయర్ తండాకు వస్తాడు. తండా పక్కనున్న పరుపు బండ మీద తరతరాలుగా జొన్నలు దంచీ దంచీ లోతుగా అరిగిపోయిన గుంతలున్నాయి. ఆ బండ కొలతలతో పాటు గుంతల వివరం కూడా రాసుకోవాలని ఉత్తర్వులో ఉంది. మొన్నటి వేసవి వానకు వాటిలో నీళ్లు నిలిచాయి. బుధవారం నాటికి అన్నీ ఎత్తిపోసి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి ఉంచాలని అవ్వ కోడళ్లకు పని చెప్పింది.